నల్లగొండ, పాలమూరు సీమలలో ఇంగ్లీషు పఠనాభ్యాసము

పల్లెకు తంతి వచ్చినదనిన ఒకప్పుడు ఇల్లంతయు కలవరపడెడిది. దానిని మన సీమలో ‘తారు’ అనెడివారు. అది చావు వార్తయో, పుట్టుక వార్తయో, కొలువు దొరికిన వార్తయో విప్పి చూచువరకు తెలియదు. విప్పి చూచినను తెలియదు. ఏలయన, అందలి నాలుగు మాటలును సాధారణముగా ఇంగ్లీషులో నుండెడివి. పట్వారీకి ఉర్దూ వచ్చినను ఇంగ్లీషు తరచుగా రాకుండెడిది. బడిపంతులు ఊరలేనిచో, పట్టణములో హైస్కూలు చదువుచు సెలవులకు వచ్చిన పిల్లవానిని పిలిచెడివారు. వాడు కాగితమందుకొని, అక్షరములు కూడబలుకుకొని, పదిమంది వినునట్లు గట్టిగా చదివెడివాడు. అంతట ఇంటి ముసలవ్వ, ‘సరే బిడ్డా, అండ్ల ఏమున్నదో చెప్పు’ అని అడిగెడిది. కొందరు చెప్పగలిగెడివారు. కొందరు తలవంచుకొనెడివారు.

భారతదేశమున తంతి సేవ 2013 జూలైలో నిలిచిపోయినది. అవ్వ అడిగిన ప్రశ్న మాత్రము నిలిచిపోలేదు. బ్యాంకు కాగితము, ఆసుపత్రి చీటి, పురుగుమందు డబ్బాపై హెచ్చరిక, కళాశాల ప్రవేశ పత్రము – ఇవన్నియు నేటికిని ఆ ప్రశ్ననే అడుగుచున్నవి.

తెలుగున ‘చదువు’ అను మాటకు రెండర్థములు కలవు. అక్షరములను పలుకుటయు చదువే. విషయమును గ్రహించి విద్యావంతుడగుటయు చదువే. మాతృభాషలో ఈ రెండును ఒకదాని వెంట నొకటి నడచును. పరభాషలో ఇవి సులభముగా విడిపోవును. నాలుక చదువును, మనస్సు చదువదు. నల్లగొండ, మహబూబునగరు జిల్లాల విద్యార్థులకు ఇంగ్లీషు విషయమున ఈ ఎడబాటు ఎట్లు కలిగినది, దానిని కొందరు ఎట్లు దాటగలిగిరి, అందు గ్రంథాలయములకు గల పాలెంత అనునది ఈ సీమ చరిత్రలో తెలిసికొనదగిన ఘట్టము.

మూడు లిపుల బరువు

హైదరాబాదు రాజ్యమున 1880 తరువాతి సంవత్సరములలో కచ్చేరీలనుండి పారసీకము తొలగి, దాని స్థానమున ఉర్దూ ప్రభుత్వ భాషయయ్యెను. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలమున, 1918లో, ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసెను. అంతకు ముందే, 1917లో, పాఠ్యగ్రంథములను ఉర్దూలోనికి తెచ్చుటకు దారుల్ తర్జుమా యను అనువాద సంస్థ ఏర్పడియుండెను. ఇంగ్లీషు అందరికిని తప్పనిసరి భాషగా నుండగా, తక్కిన శాస్త్రములన్నియు ఉర్దూలో బోధింపబడెను. ఒక భారతీయ భాషలో ఉన్నత విద్య గరపవచ్చునని నిరూపించిన గౌరవము ఆ విశ్వవిద్యాలయమునకు చెల్లవలసినదే. కాని తెలుగు జిల్లాల బాలునకు ఇంటి వెలుపలి భాష ఒకటి గాక రెండయ్యెను. ఉర్దూయు వానికి నేర్చుకొనవలసిన భాషయే.

ఆనాటి బాలుని మార్గమును ఊహించి చూచినచో వాని కష్టము బోధపడును. వాడు మొదట ఖాన్గీ బడిలో ఇసుకపై ఓనమాలు దిద్ది పెద్దబాలశిక్ష చదివెడివాడు. తరువాత సర్కారీ మదర్సాలో చేరి కుడినుండి ఎడమకు నడచు ఉర్దూ లిపి నేర్చెడివాడు. అది పట్టువడునంతలో ఎడమనుండి కుడికి నడచు ఇంగ్లీషు లిపి ఎదురయ్యెడిది. ఇంగ్లీషు మాటకు పంతులు ఉర్దూలో అర్థము చెప్పెడివాడు. ఆ ఉర్దూ మాటకు తెలుగేమో బాలుడు తనలో తాను వెదకుకొనవలసి వచ్చెడిది. ‘హార్వెస్ట్’ అనిన ‘ఫసల్’ అని చెప్పినప్పుడు చిక్కు లేదు. ఫసలు అను మాట చేలగట్లపై వినబడునదే. ‘కాన్షన్స్’ అనిన ‘జమీర్’ అని చెప్పినప్పుడు పల్లె బాలుడు రెండు చీకట్ల నడుమ నిలిచెడివాడు. అంతరాత్మ యను తెలుగు మాట వాని మనస్సులో నుండియు, దానిని చేరు దారి చెప్పువారు లేరైరి.

తెలుగునకు సభలలోనే మన్నన లేని కాలమది. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని నాటకశాలలో మహర్షి కార్వే అధ్యక్షతన సంఘసంస్కార సభ జరిగెను. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ప్రసంగములను సావధానముగా వినిన సభికులు, ఆలంపల్లి వేంకటరామారావు తెలుగులో మాటలాడ మొదలిడగానే అల్లరిచేసిరి. ఆ పరాభవమునుండియే నిజాం రాష్ట్ర ఆంధ్ర జనసంఘము పుట్టెను. తరువాత ఆంధ్ర మహాసభ వెలసి, 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతను, 1931లో నల్లగొండ జిల్లా దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతను సమావేశమయ్యెను. ఈ ఇద్దరు అధ్యక్షులును పాలమూరు జిల్లావారే. మాతృభాషలో ప్రాథమిక విద్య కావలెననునది ఆ మహాసభ కోరికలలో ముఖ్యమైనది. ఆ కోరిక ఇంగ్లీషుపై ద్వేషముతో పుట్టినది కాదు. మొదటి మెట్టు లేని నిచ్చెనపై బిడ్డ ఎట్లు ఎక్కగలడన్నదే వారి ప్రశ్న.

నల్లగొండ జిల్లా నడుమనే ఇందులకు భిన్నమైన చిన్న సీమ యొకటి యుండెను. మునగాల పరగణా చుట్టును నిజాము రాజ్యమే యైనను, అది మద్రాసు రాజధానిలోని కృష్ణా జిల్లాకు చేరియుండెను. గట్టు కీవల కచ్చేరీ భాష ఉర్దూ. గట్టు కావల తెలుగును ఇంగ్లీషును. ఇరుగుపొరుగు పల్లెలవారి చదువు దారులను ఆ గట్టు వేరుపరచెను. తెలంగాణమునందలి గ్రంథాలయోద్యమమునకు ఆ మునగాలనుండియే గొప్ప అండ లభించెను.

గ్రంథాలయము రెండవ బడి యగుట

1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపింపబడెను. స్థాపకులలో మునగాల రాజా నాయని వేంకట రంగారావు, ఆయన దివాను కొమర్రాజు వేంకట లక్ష్మణరావు, న్యాయవాది రావిచెట్టు రంగారావు ప్రముఖులు. లక్ష్మణరావు బాల్యమున భువనగిరిలో ఓనమాలు దిద్ది, నాగపురమున ఉన్నత విద్య నభ్యసించినవాడు. ఆయన ఇంగ్లీషు గ్రంథములను విస్తారముగా చదివెను. చదివినదానిని తన ఘనతకై దాచుకొనలేదు. 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని నెలకొల్పి చరిత్ర, విజ్ఞాన శాస్త్రములను తెలుగున ప్రకటించెను. పిమ్మట ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమునకు పూనుకొనెను. ఆయన దృష్టిలో ఇంగ్లీషు పఠనము తెలుగిల్లు విడిచిపోవు వాకిలి కాదు. తెలుగింటికి ధాన్యము తెచ్చు బండి.

1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయము వెలసెను. 1918లో నల్లగొండలో షబ్నవీసు వేంకట రామనరసింహారావు ఆంధ్ర సరస్వతీ నిలయమును, సూర్యాపేటలో పువ్వాడ వేంకటప్పయ్య ఆంధ్ర విజ్ఞాన ప్రకాశినీ నిలయమును స్థాపించిరి. షబ్నవీసువారు 1922లో నల్లగొండనుండి ‘నీలగిరి’ వారపత్రికను గూడ వెలువరించిరి. జిల్లా పట్టణమునుండి తెలుగు పత్రిక నడపుట ఆ కాలమున సాహసకార్యమే.

ఈ నిలయములలో ప్రధానముగా నుండినవి తెలుగు పుస్తకములు, తెలుగు పత్రికలు. కావున వీనికిని ఇంగ్లీషు పఠనమునకును సంబంధమేమని శంక కలుగవచ్చును. సంబంధము గాఢమైనది. పుస్తకమును విప్పి, నోరు మెదపక, ఒకచోట గంటసేపు కూర్చుండి, పుట వెంట పుట అర్థము చేసికొనుచు సాగుటయే పఠన విద్య. ఆ విద్య ఒక్కసారియే నేర్వదగినది. తెలుగున దానిని నేర్చినవానికి ఇంగ్లీషున కొత్త మాటలును కొత్త వాక్యరీతియు నేర్చినచో చాలును. తెలుగుననే నేర్వనివానికి ఇంగ్లీషున రెండు భారములు ఒక్కసారిగా తలకెత్తుకొనవలసి వచ్చును. అంతియేగాక, ‘కృష్ణాపత్రిక’లోనో ‘ఆంధ్రపత్రిక’లోనో ఒక వార్తను ముందే చదివినవానికి ఆ వార్తయే ఇంగ్లీషు పత్రికలో కనబడినప్పుడు సగము దారి వెలుగుగా నుండును. తెలిసిన సంగతిని తెలియని భాషలో చదువుట, తెలియని సంగతిని చదువుటకంటె ఎంతో తేలిక.

పట్టణమునకు చదువ వచ్చిన పల్లె పిల్లల గతి మరియొక సమస్య. వారికి బస లేదు, తోడు లేదు, పుస్తకము లేదు. వనపర్తి సంస్థాన ప్రాంతమున జన్మించి హైదరాబాదు నగర కొత్వాలుగా ప్రసిద్ధికెక్కిన రాజబహదూరు వేంకటరామారెడ్డి కృషితో 1918లో హైదరాబాదున రెడ్డి హాస్టలు ఏర్పడెను. సురవరం ప్రతాపరెడ్డి దాని నిర్వహణ బాధ్యత వహించి, అందొక చక్కని గ్రంథాలయమును పెంపొందించెను. జిల్లాలనుండి వచ్చిన విద్యార్థికి బడి విడిచిన వెనుక సాయంకాలము పుస్తకము చేతికందుట ఎంతటి భాగ్యమో చెప్పనలవి కాదు.

ప్రతాపరెడ్డి జీవితమే దీనికి తార్కాణము. ఆయన 1896లో అలంపురము తాలూకాలో జన్మించి, తుంగభద్ర కావలనున్న కర్నూలులోను, హైదరాబాదులోను, మద్రాసులోను చదివెను. తెలుగు, సంస్కృతము, ఉర్దూ, పారసీకము, ఇంగ్లీషు – ఇన్ని భాషలు చదివినవాడు తన వ్రాతకు తెలుగునే ఎన్నుకొనెను. 1926లో ‘గోలకొండ పత్రిక’ను ప్రారంభించెను. రాజుల యుద్ధములను విడిచి, ప్రజల తిండి, బట్ట, ఆట, పాట, వృత్తులను గూర్చి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ వ్రాసెను. తెలుగునకు కేంద్ర సాహిత్య అకాడమీ మొదటి బహుమానము 1955లో ఆ గ్రంథమునకే లభించెను. అప్పటికి ఆయన కీర్తిశేషుడై రెండేండ్లు గడచెను. కల్వకుర్తి తాలూకా పడకల్లులో 1899లో జన్మించిన బూర్గుల రామకృష్ణారావు పూనా ఫెర్గూసన్ కళాశాలలో చదివి, బహుభాషాకోవిదుడై, 1952లో హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి యయ్యెను.

అయితే ఇట్టివారు ఎందరు? కర్నూలునకో, మద్రాసునకో, పూనాకో పోగలిగిన ఇండ్లు వ్రేళ్లపై లెక్కింపదగినవి. ఆడపిల్లల సంగతి చెప్పనే అక్కరలేదు. 1928లో మాడపాటి హనుమంతరావు ప్రభృతులు హైదరాబాదున తెలుగు మాధ్యమముతో ఆంధ్ర బాలికా పాఠశాల స్థాపించినప్పుడు, దాని బాలికల పరీక్షలకై పూనాలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయము నాశ్రయింపవలసి వచ్చెను. అడ్డంకి పిల్లల తెలివిలో లేదు, దారిలో నుండెను.

1948 తరువాత

1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యము భారతదేశమున విలీనమయ్యెను. అటుపిమ్మట పాఠశాలలలో మాతృభాష బోధనభాష యయ్యెను; ఉస్మానియాలో ఉర్దూ స్థానమును ఇంగ్లీషు ఆక్రమించెను. పాత చిక్కు విడి కొత్త చిక్కు పడెను. పిల్లవాడు పదవ తరగతివరకు లెక్కలు, చరిత్ర, విజ్ఞానము తెలుగున హాయిగా చదువును; కళాశాల గడప దాటగానే అవియే శాస్త్రములు ఇంగ్లీషున ఎదురగును. హైస్కూలులో ఇంగ్లీషు ఒక పాఠ్యవిషయము మాత్రమే. కళాశాలలో అది తక్కిన విషయములన్నింటికిని తాళపుచెవి. 1968లో తెలుగు అకాడమీ యేర్పడి కళాశాల విద్యకు తెలుగు పుస్తకములు వెలువరించెను. ఐనను వైద్యము, ఇంజనీరింగు మొదలగు చదువులు ఇంగ్లీషుననే నిలిచెను.

పేదపిల్లల చదువునకై ఈ సీమలో ఒక మంచి ప్రయోగము జరిగెను. 1971 నవంబరులో, పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా నుండగా, నల్లగొండ జిల్లా సర్వేలులో నాటి ఆంధ్రప్రదేశమునకు మొట్టమొదటి ప్రభుత్వ గురుకుల పాఠశాల ప్రారంభమయ్యెను. నల్లగొండలో 2007లో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయము, మహబూబునగరులో 2008లో పాలమూరు విశ్వవిద్యాలయము వెలసెను. ఒకప్పుడు పూనాకు పోవలసిన చదువు ఇంటి ముంగిటికి వచ్చినది. 2014లో తెలంగాణ రాష్ట్రమేర్పడెను. ప్రభుత్వ పాఠశాలల బాగుకై తలపెట్టిన ‘మన ఊరు – మన బడి’ కార్యక్రమము 2022 మార్చి 8వ తేదీన వనపర్తిలో ప్రారంభమయ్యెను. ఆ సంవత్సరమునుండియే ప్రభుత్వ పాఠశాలలలో 1 నుండి 8 తరగతులవరకు ఇంగ్లీషు మాధ్యమము వచ్చెను. పాఠ్యపుస్తకములు ఒక ప్రక్క ఇంగ్లీషు, ఎదుటి ప్రక్క తెలుగు ఉండునట్లు ముద్రింపబడెను.

ఎదురెదురు పుటలలో రెండు భాషలను నిలిపిన ఈ పుస్తకము చరిత్ర నెరిగినవారికి ఆనందము కలిగించును. ఉర్దూ కాలపు బాలునకు లేని తెలుగు మెట్టు ఇందు కలదు. కాని మెట్టు ఉన్నంతమాత్రమున ఎక్కినట్లు కాదు. తెలుగు పుట చదివి ఇంగ్లీషు పుట బట్టీపట్టువాడు ఎక్కడనున్నాడో అక్కడనే యుండును.

అర్థము కాకపోవుటకు కారణములు

తెలుగు బాలుడు ఇంగ్లీషు చదువునప్పుడు తడబడుట సోమరితనము వలననే యని తలంచుట పొరపాటు. అందులకు భాషలోనే కారణములు కలవు.

మొదటిది లిపి. తెలుగున వ్రాసినట్లే పలుకుదుము. ఇంగ్లీషున ‘నైఫ్’ అను మాటకు ముందు ‘కె’ అను అక్షరముండియు పలుకదు. పలుకుబడి కుదుర్చుకొనుటయందే పిల్లవాని బలమంతయు వ్యయమై, అర్థమునకు మిగులదు.

రెండవది వాక్యపు నడక. ‘పాలమూరులో పత్తి అమ్మిన రైతు ఎద్దును కొనెను’ అని తెలుగున అందుము. క్రియ కడపట వచ్చును. అంతవరకు మన మనస్సు ఓపికతో వేచియుండును. ఇంగ్లీషున ఇదే వాక్యము ‘రైతు – ఎవడు – అమ్మెను – పత్తి – లో – పాలమూరు – కొనెను – ఎద్దును’ అను వరుసలో సాగును. మాట వెంట మాటకు అర్థము పెట్టుకొనువాడు పాలమూరే ఎద్దును కొన్నదని భ్రమపడినను ఆశ్చర్యము లేదు. కావున మాటలకు గాక, పదముల గుంపులకు అర్థము తెలిసికొనుట అలవడవలెను. ‘పాలమూరులో పత్తి అమ్మిన’ అనునది ఒక గుంపు; అది రైతును వర్ణించును. ఈ చూపు వ్యాకరణ సూత్రమును వల్లించుటవలన రాదు. అట్టి వాక్యములను వందలుగా చదువగా చదువగా వచ్చును.

మూడవది గైడు. ప్రశ్నలు, జవాబులు, తెలుగర్థములు అన్నియు వండి వడ్డించిన ఆ పుస్తకము పరీక్ష దాటించును. కాని పాఠములో లేని గద్యభాగము నిచ్చి ప్రశ్నలడిగినప్పుడు గైడు ప్రక్కన నుండదు.

ఢాకా నుండియు ఫిజీ నుండియు రెండు సాక్ష్యములు

ఈ చిక్కు మనదొక్కటియే కాదు. ఢాకా ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేసిన మైకేల్ వెస్టు అను ఆంగ్లేయుడు, వంగదేశపు విద్యార్థులు ఇంగ్లీషును గట్టిగా వల్లించుచు అర్థము గ్రహింపలేకుండుట గమనించెను. 1926లో ప్రకటించిన గ్రంథమున ఆయన ఒక ముఖ్యవిషయమును ఎత్తిచూపెను. బీమా కట్టువాడు నడుమ మానుకొన్నను వానికి కొంత సొమ్ము తిరిగివచ్చును గదా. అట్లే చదువు నడుమ మానివేసిన పిల్లవానికి దక్కునదేమి? సంభాషణ పాఠములు, వ్యాకరణ సూత్రములు సగములో విడిచినవానికి ఏమియు మిగులవు. చదివి అర్థము చేసికొను శక్తి మాత్రము ఎంత అబ్బినదో అంతయు వానిదే. కావున మొదట పఠనశక్తిని పెంపొందింపవలెనని ఆయన వాదించెను. ఒక్కొక్క పుటలో కొత్త మాటలు కొలదిగా వచ్చునట్లు, వచ్చిన మాట మరల మరల ఎదురగునట్లు వాచకములు వ్రాసెను. 1953లో, విస్తారముగా ఉపయోగపడు సుమారు 2,000 మాటల పట్టికను వెలువరించెను.

పాలమూరు వారికి ఈ మాట గుండెను తాకును. వానలు లేని ఏట పనికై వలసపోవు తల్లిదండ్రుల వెంట నడుమనే బడి విడిచిన పిల్లలెందరో ఈ సీమలో కలరు. వారి మూటలో చదువు ఎంత మిగిలినదన్నదే ప్రశ్న.

రెండవ సాక్ష్యము ఫిజీ దీవులది. 1903 మొదలుకొని మద్రాసు రేవునుండి తెలుగు కూలీలు చెరకుతోటలకు పోయిన దేశమది. 1980 ప్రాంతమున అక్కడి పల్లెటూరి పాఠశాలలలో వార్విక్ ఎల్లీ, ఫ్రాన్సిస్ మంగుభాయి అను పండితులు ఒక పరీక్ష చేసిరి. తొమ్మిది నుండి పదునొకండేండ్లవరకు వయస్సుగల, ఇంగ్లీషు ఇంటిభాష కాని పిల్లల తరగతులకు సుమారు 250 చొప్పున బొమ్మల కథల పుస్తకములు ఇచ్చి, దినదినము చదువనిచ్చిరి. ఏడాది తిరుగకముందే ఆ పిల్లల పఠనశక్తి మామూలు పాఠములు చదివినవారికంటె ఇంచుమించు రెండింతల వేగమున పెరిగెను. కొత్త భవనము లేదు, కొత్త పంతులు లేడు. చేతికందిన పుస్తకములు 250! అవి గ్రామ గ్రంథాలయపు ఒక్క బీరువాలో పట్టును.

హైదరాబాదుననే 1958లో కేంద్ర ఆంగ్ల భాషా సంస్థ వెలసి ఇంగ్లీషు ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను. అదియే నేడు విశ్వవిద్యాలయముగా నున్నది. పంతుళ్లకు శిక్షణ ఎంత అవసరమో, పిల్లలకు పుస్తకముల అందుబాటు అంత అవసరము.

గ్రామ గ్రంథాలయము చేయదగినది

1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయముల చట్టము వచ్చినది మొదలు, ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్నును ప్రజలు చెల్లించుచున్నారు. గ్రంథాలయము ప్రజల సొమ్ముతో నడచునది. ప్రజల బిడ్డలకు ఉపయోగపడుట దాని ధర్మము. హైస్కూలు విద్యార్థుల ఇంగ్లీషు పఠనమునకు అది చేయగల మేలు నాలుగు విధములు.

మొదటిది, తేలిక పుస్తకములను సమకూర్చుట. నూరు మాటలలో సుమారు 98 తెలిసినప్పుడే పరుల సహాయము లేక కథ సుఖముగా చదువవచ్చునని పరిశోధకులు తేల్చిరి. కావున పుటలో పది మాటలకు అర్థము తెలియని పుస్తకమును పిల్లవాడు ప్రక్కన పెట్టి, తేలికదానిని అందుకొనవలెను. పదవ తరగతివాడు అయిదవ తరగతి కథ చదివిన సిగ్గు లేదు. వాగు దాటువాడు మొదట మోకాలి లోతులోనే అడుగిడును.

రెండవది, ఒకే పుస్తకమును రెండు భాషలలో నుంచుట. ‘చందమామ’ తెలుగున 1947లో మొదలై, తరువాత ఇంగ్లీషునను వెలువడెను. ఆ పత్రిక ముద్రణ నిలిచినను పాత సంచికలు దొరకినచోట దాచదగినవి. 1957లో ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్టు పిల్లల పుస్తకములను అనేక భారతీయ భాషలలోను ఇంగ్లీషులోను ప్రకటించుచున్నది. ముందు తెలుగు, పిదప ఇంగ్లీషు చదివినచో కథ చేయిపట్టి నడిపించును. 2014లో వచ్చిన పదవ తరగతి ఇంగ్లీషు వాచకమున 1957 నాటి ‘మాయాబజార్’ చలనచిత్రముపై పాఠముంచినవారు ఈ కిటుకు నెరిగినవారే. ఘటోత్కచుని ఎరిగిన పిల్లవానికి ఆ పాఠము సగము తెలిసినట్లే.

మూడవది, మౌనముగా చదువుకొను వేళ నేర్పరచుట. సాయంకాలము అరగంట చాలును. చదువునప్పుడు ప్రతి మాటకును నిఘంటువు తెరువరాదు. తెలియని మాటను ముందువెనుకల నుండి ఊహించి, పుట ముగిసిన పిదపనే వెదకవలెను. ఊహ తప్పినను చేటు లేదు. ఊహించి తెలిసికొన్న మాట మరపురాదు.

నాలుగవది అన్నిటికంటె ముఖ్యమైనది: చదివినదానిని తెలుగున చెప్పించుట. పఠన గంట ముగియగానే పిల్లవాడు లేచి, తాను చదివిన ఇంగ్లీషు కథను నాలుగు తెలుగు మాటలలో చెప్పవలెను. చెప్పగలిగినచో చదివినట్లు, చెప్పలేనిచో మరల చదువవలెను. వినువారికి ఇంగ్లీషు రానక్కరలేదు. గ్రంథాలయమునకు పత్రికకై వచ్చిన రైతు, బీడీలు చుట్టుచు అరుగుపై కూర్చున్న అమ్మ, ఎవరైనను పరీక్షకులు కావచ్చును. కథ అతుకుచున్నదో లేదో వారికి తెలియును.

కొమర్రాజువారు, సురవరమువారు చేసినది ఇదియే. ఇంగ్లీషున చదివిరి, తెలుగువారికి తెలుగున చెప్పిరి. వారు గ్రంథములుగా చెప్పిరి, హైస్కూలు పిల్లవాడు నాలుగు మాటలలో చెప్పును. కొలత వేరు, పని ఒక్కటే.

జిల్లాలు 2016లో విభజింపబడి నల్లగొండ మూడుగాను, మహబూబునగరు మొదట నాలుగుగాను, 2019లో నారాయణపేటతో ఐదుగాను ఏర్పడెను. పేర్లు మారినను పల్లెలు అవియే, పిల్లలు వారి మనుమలే. పిల్లవాడు ఇంగ్లీషు కాగితము చేతబట్టుకొని గట్టిగా చదువగా ఊరు మెచ్చుకొను కాలము గడచినది. ‘సరే బిడ్డా, అండ్ల ఏమున్నదో చెప్పు’ అని అవ్వ అడుగుచునే యున్నది. తలయెత్తి చెప్పగల బిడ్డలను ఏటేట కొందరినైనను తయారుచేసిన గ్రంథాలయము తన రజతోత్సవమునకు తగిన పని చేసినదగును.